పూలబుట్ట వెనక చేతులు: డ్రాయింగ్ మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మనిషి గురించి ఉన్నాయి. పోయిన నెల ఎవరికో జవాబు రాస్తూ మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా పేరు ఒక్క వాక్యంలో ఎత్తాను. దానికే ఇంత గాలిదుమారం లేస్తుందనుకోలేదు. వాటర్ కలర్ కాగితం ఎక్కడ దొరుకుతుంది, డ్రాయింగ్ లోయర్ పరీక్షకి ఎలా తయారవ్వాలి అని అడిగినవాళ్లు ఓ వారం ఓపిక పట్టాలి.

ఎల్. ఆర్., కావలి: మా ఊళ్లో పంటి డాక్టరు దగ్గర గోడకి ఒక బొమ్మ ఉంది. తెల్లబట్టల మనిషి చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి ఉన్నాడు. వీపున పెద్ద పూలబుట్ట. వెనక ఒకావిడ నిలబడి ఉంది. కింద రివేరా అని రాసుంది. "మనిషిని పశువుని చేసి బరువేశారు, ఇదేం అలంకారం" అంటుంది మా ఆవిడ. పూలు అంత బరువుంటాయా? ఆ బొమ్మ సంగతేంటి మాస్టారూ?

మీరు చూసింది 'పూలు మోసేవాడు'. రివేరా 1935లో వేశాడు. అసలు బొమ్మ అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. నాలుగడుగులకి నాలుగడుగులు, దాదాపు చదరం. గుడ్డ మీద వేసింది కాదు, మేసొనైట్ అనే గట్టి చెక్క అట్ట మీద వేశాడు. మీ డాక్టరు గారి గోడ మీదున్నది ఏ ఫ్రేముల కొట్లోనో కొన్న ప్రింటు అయ్యుంటుంది.

మీ ఆవిడ గారి మాట తీసిపారేసేది కాదు. చాలామంది ఆ బొమ్మని అలాగే చదువుతారు. అందమంతా వీపు మీదుంది, మోసేవాడికి కనపడదు, లాభం ఇంకొకడికి పోతుంది అని. రివేరా కమ్యూనిస్టు కూడాను. నేనూ చాన్నాళ్లు పిల్లలకి అదే చెప్పాను, తర్వాత మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే నా బొమ్మ ఒకటి తప్పిన కథ చెప్పాలి.

1983. నెల్లూరు పక్కన ఒక హైస్కూల్లో కొత్తగా చేరాను. చుట్టూ రైసు మిల్లులు. వార్షికోత్సవానికి స్టేజీ వెనక తెర మీద ఏదన్నా పెద్ద బొమ్మ వెయ్యమన్నారు. ధాన్యం బస్తా మోసే హమాలీని వేశాను. ఆరడుగుల మనిషి, కండలు తిరిగిన చేతులు, నిటారుగా నిలబడ్డాడు, వీపు మీద బస్తా, మొహంలో వీరత్వం. హెడ్మాస్టరు భుజం తట్టారు. సాయంత్రం ఒక పిల్లాడి తండ్రి వచ్చాడు. మిల్లులో హమాలీ. తెర ముందు నిలబడి తల అటూ ఇటూ వంచి చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడని పక్కనే నిలబడ్డాను.

"అయ్యోరా, బస్తా ఈడుంటే మనిషి ఆడుండడు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన తుండు తీసి తలకి చుట్టుకున్నాడు. జనం కూర్చోడానికి తెచ్చిన జంపఖానా ఒకటి చుట్టి మూలన ఉంటే, ఇద్దరు పిల్లల్ని పిలిచి చెరో కొస పట్టి లేపమన్నాడు. తను దాని కిందికి వంగి దూరాడు. బరువంతా మెడ వెనక, రెండు భుజాల మధ్య పడింది. తల ముందుకు వాలింది, మోకాళ్లు మడిచే ఉన్నాయి, ఒక చెయ్యి పైకి పోయి కొస పట్టుకుంది. అప్పుడు చిన్న చిన్న అడుగులతో, నడకకీ పరుగుకీ మధ్యగా, స్టేజీ ఆ చివరికి పోయి దింపాడు. నేను వేసినట్టు నిటారుగా నిలబడితే బస్తా వెనక్కి జారిపోతుంది, మనిషి వెల్లకిలా పడతాడు. "నడిచేదానిదేముందయ్యా, లేచేదే కష్టం. లేచేటప్పుడు ఎనక ఒక చెయ్యి లేకపోతే నడుం పోద్ది" అన్నాడు. చేరిన దగ్గర్నుంచీ దినమూ మిల్లుల పక్కనే నడిచాను, బస్తా లేచేది ఎలాగో ఒక్కసారీ చూడలేదు. ఆ తెర మీద బొమ్మ మార్చే టైము లేదు. వార్షికోత్సవం అంతా ఆ వీరుడు నా వెనక నిలబడి నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంది.

ఇప్పుడు రివేరా బొమ్మ చూడండి. ఆ మనిషి పాకటం లేదు, లేస్తున్నాడు. కూర్చుని బుట్ట వీపుకి కట్టించుకున్నాడు. పసుపుపచ్చ గుడ్డ ఒకటి బుట్టని చుట్టి వచ్చి అతని ఛాతీ మీదుగా పోయింది. ఇక చేతులు నేలకి ఊని, ఒక మోకాలు, తర్వాత రెండోది లేపాలి. ఆ క్షణం దగ్గర బొమ్మని ఆపేశాడు రివేరా. వెనకున్నావిడ ఊరికే చూడ్డానికి నిలబడలేదు. ఆమె చేతులు బుట్ట మీదున్నాయి. మన దగ్గర గడ్డిమోపు కోసినావిడ గట్టు మీద నిలబడి దారిన పోయేవాణ్ణి "అన్నా, కాస్త తలకెత్తు" అని పిలుస్తుంది చూశారా, ఆ చేతులే అవి. ఈసారి పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పూలు చూడకుండా, ఆ మనిషి మొహం కూడా చూడకుండా, వెనక ఆ రెండు చేతులే చూడండి. క్యూలో ఎలాగూ కూర్చోవాలి కదా.

పూల బరువా? విడి పూలు బరువుండవు. కాడలతో, నీళ్లతో, అంత బుట్ట నిండా కుక్కితే ఉంటాయి. తెల్లారుజామున నెల్లూరులో బస్సు టాపు మీంచి పూలమూట దింపుకునేవాణ్ణి అడిగితే చెప్తాడు. అయితే రివేరా బుట్టని ఉన్నదానికంటే పెద్దది చేశాడనే నా అనుమానం. ఆ గుండ్రం తిరగలి రాయిలా మనిషిని మింగేసేటట్టుంది. అది అబద్ధమేం కాదు. మోసేవాడికి బరువు ఎంతగా అనిపిస్తుందో అంత పెద్దగా వేశాడు.

పి. వి., అల్లూరు: మీరు మెక్సికో వెళ్లి ఆ బొమ్మలు స్వయంగా చూశారా?

లేదు. నేను దాటిన దూరాల్లో మద్రాసే పెద్దది. 1979లో మూర్ మార్కెట్లో పాత పుస్తకాల కొట్టు దగ్గర అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది, పన్నెండు రూపాయలు. బేరమాడితే పదికిచ్చాడు. అందులో సగం బొమ్మలు నలుపు తెలుపే. ఆ పూలబుట్ట ఊదా గులాబీ రంగని తెలియడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది. మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది, పుస్తకం మాత్రం ఇంకా ఉంది.

ఎం. వి., మార్కాపురం: మా తాత పలకల గనుల్లో పనిచేశాడు. రివేరా గని పనివాళ్లని వేశాడా?

వేశాడు. వెయ్యకపోతేనే ఆశ్చర్యం. ఆయన 1886లో పుట్టిన గ్వానహ్వాటో ఊరే వెండి గనుల ఊరు. 1923 నుంచి 1928 దాకా మెక్సికో సిటీలో విద్యాశాఖ భవనం గోడల మీద వంద పైచిలుకు బొమ్మలు వేశాడు. మూడంతస్తుల భవనం, మధ్యలో రెండు పెద్ద ముంగిళ్లు. ఒక ముంగిలి మొత్తం పనిపాటలవాళ్లదే. నేతగాళ్లు, అద్దకంవాళ్లు, కుమ్మరులు, చెరకు గానుగ దగ్గరవాళ్లు, ఇనుము కరిగించేవాళ్లు. ఆ వరసలో గనిలోకి దిగేవాళ్ల బొమ్మ ఒకటి, బయటికి వచ్చేవాళ్ల బొమ్మ ఒకటి.

బయటికి వచ్చే బొమ్మ చూస్తే మీ తాత ఏమంటాడో నాకు తెలుసుకోవాలనుంది. కింద గోతిలోంచి ఒకడు నిచ్చెనెక్కి పైకొస్తున్నాడు. అప్పటికే పైకొచ్చినవాడు రెండు చేతులూ బార చాపి నిలబడ్డాడు. వెండిరాయి ఏదన్నా దాచాడేమోనని అతని ఒళ్లు తడుముతున్నారు. చర్చికి వెళ్లే జనం నిండిన దేశంలో, అలా బార చాపిన చేతులు చూస్తే ఎవరు గుర్తొస్తారో రివేరాకి బాగా తెలుసు.

మా మేనమామ కుర్రతనంలో గూడూరు వైపు అభ్రకం గనిలో లెక్కలు రాసేవాడు. కాకిబంగారం అంటాం కదా, అది. రేకులు చీల్చే ఆడవాళ్లు సాయంత్రం బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర తట్ట బోర్లించి, కొంగు దులిపి చూపించాలట. దులిపితే ఎండలో తళతళమని పొడి రాలేదట. అది మాత్రం ఎవరూ అడిగేవాళ్లు కాదు అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు నాకప్పుడు నచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ పొడి వాళ్ల ఊపిరితిత్తుల్లోకి కూడా పోయుంటుంది కదా అనిపిస్తుంది.

ఎస్. కె., ఉదయగిరి (ఉపాధ్యాయుడు): మా బడి గోడ మీద రెండేళ్ల కిందట వేయించిన బొమ్మలు అప్పుడే పెచ్చులూడుతున్నాయి. రివేరా బొమ్మలు వందేళ్లు ఎలా ఉన్నాయి?

సార్, మీ గోడ మీద రంగు గోడకి పైన ఉంది. రివేరా రంగు గోడ లోపల ఉంది. తేడా అంతా అక్కడే.

కొంచెం వివరంగా చెప్తాను, ఇది నాకు ఇష్టమైన సంగతి. రివేరా 1907లో యూరప్ పోయి, పారిస్‌లో ఏళ్ల తరబడి ఉండి, చివర్లో ఇటలీ తిరిగి పాత చర్చి గోడల మీది బొమ్మలు చూశాడు. 1921లో ఇంటికొచ్చాడు. ఆ ఇటలీవాళ్ల పద్ధతిని ఫ్రెస్కో అంటారు. మంచి సున్నాన్ని నెలల తరబడి నీళ్లలో నాననిచ్చి, ఇసక కలిపి, గోడకి పూతలు పూతలుగా వెయ్యాలి. ఆఖరి పూత పల్చన, నున్నన. అది తడిగా ఉండగానే నీళ్లలో నూరిన రంగుతో బొమ్మ వెయ్యాలి. జిగురూ లేదు, నూనే లేదు. సున్నం ఆరుతున్నకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. మారేటప్పుడు రంగుని తనలో పట్టేసుకుంటుంది. ఇక ఊడడానికి పెచ్చంటూ వేరే ఏదీ ఉండదు.

చిక్కేమిటంటే టైము. పూత ఆరేలోపు అయిపోవాలి, ఏడెనిమిది గంటలు, మహా అయితే ఇంకాస్త. అందుకని ఆ రోజు ఎంత వెయ్యగలడో అంత మేరకే మేస్త్రీ పూత పెడతాడు. మిగిలిపోతే గీకెయ్యాల్సిందే. ఇటలీ భాషలో ఆ ముక్కని జొర్నాటా అంటారు, అంటే ఒక రోజు పని. మన భాషలో రోజుకూలి అనుకోండి. దగ్గరికి పోయి పక్కచూపుతో చూస్తే ఒక రోజు పనికీ ఇంకో రోజు పనికీ మధ్య అతుకు కనపడుతుందంటారు. ఈ పని ఒక్కడివల్ల కాదు. తెల్లారకముందే పూత పెట్టే మేస్త్రీ కావాలి, రంగులు నూరేవాళ్లు కావాలి, పరంజా కట్టేవాళ్లు కావాలి. రివేరా ఆరడుగుల భారీ మనిషి, ఆ పరంజా మీద కూర్చుని గంటల తరబడి దిగేవాడు కాదు. తనూ తోటి చిత్రకారులూ కలిసి 1920ల మొదట్లో సంఘం పెట్టుకున్నారు. దానికి కళాకారుల సభ అనో పరిషత్తు అనో పెట్టలేదు, సాంకేతిక పనివారల, చిత్రకారుల, శిల్పుల యూనియన్ అన్నారు.

ఇంకో సంగతి విని నవ్వుకోండి. మొదట్లో ఆయన సున్నంలో నాగజెముడు రసం కలిపి చూశాడు. పూర్వం తమ దేశపు మనుషులు అలా చేసేవాళ్లని నమ్మకం. మరకలు కట్టిందని తర్వాత మానేశాడు. ఇది చదివి నేనూ చేశాను, 1991లో. మా ఇంటి దొడ్డి గోడ. కంచెకున్న నాగజెముడు కోసి, దంచి, సున్నంలో కలిపి పూశాను. మూడోనాటికి వాసన, వారానికి నల్లటి మచ్చలు. మా ఆవిడ మూడు నెలలు ఆ వైపు బట్టలు ఆరెయ్యలేదు. మన తాతల కాలం మేస్త్రీలు గచ్చులో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవాళ్లు. ఏ ఊరివాడి తెలివి ఆ ఊరి సున్నానికే పనిచేస్తుందేమో.

మీ బడి సంగతి. సిమెంటు పూత మీద నేరుగా ఫ్రెస్కో కుదరదు. ముందు ఆ గోడకి చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. పైన ట్యాంకు కారుతుంటే ఏ రంగూ నిలవదు.

బి. ఎల్., టంగుటూరు: ఆయన ఆడవాళ్ల పనిని వేశాడా, లేక మగవాళ్ల కండలేనా?

అమ్మా, మీరు అడిగిన తీరు నాకు నచ్చింది.

1924లో వేసిన 'నూరే ఆవిడ' బొమ్మ వెతికి చూడండి. ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని, మూడుకాళ్ల రాతి మీద మొక్కజొన్న నూరుతోంది. మన సన్నికల్లుకి దూరపు చుట్టం ఆ రాయి, కాకపోతే ఏటవాలుగా ఉంటుంది, పొత్రం రెండు చేతులా పట్టుకుని తోసేటంత పొడుగు. మొక్కజొన్నని ముందు సున్నపు నీళ్లలో ఉడకబెట్టి నానబెడతారు. ఆ పిండితోనే వాళ్ల రొట్టె. బొమ్మలో గొప్ప సంఘటనేం లేదు. ఆవిడ మొహంలో బాధా లేదు, ఆనందమూ లేదు. ఒళ్లంతా వంగి చేతుల్లోకి వచ్చింది, అంతే. తెల్లారితే ప్రతి ఇంట్లో జరిగే పనిని గుళ్లో అమ్మవారికిచ్చినంత జాగా ఇచ్చి వేశాడు. ఇది నాకు పూలబుట్ట కంటే పెద్ద బొమ్మ. చాలామంది ఒప్పుకోరు.

మీది టంగుటూరు కాబట్టి మీకు చెప్పొచ్చు. మా అమ్మ పొగాకు గ్రేడింగుకి వెళ్లేది. సీజన్లో తెల్లారి పోయి చీకటి పడ్డాక వచ్చేది. ఆకు ఆకూ చూసి, రంగు చూసి, మచ్చ చూసి, ఏ రకం ఆ కుప్పలో వెయ్యాలి. వేళ్లకి జిగురు పట్టి నల్లగా అట్టకట్టేది. చింతపండు పెట్టి రుద్దేది, ఇటుకపొడి పెట్టి రుద్దేది, పూర్తిగా పోయేది కాదు. ఆ చేత్తో అన్నం కలిపితే చేదు. అందుకని సీజన్ మొత్తం మాకు ముద్దలు పెట్టేది కాదు, అక్క పెట్టేది. మేము అమ్మకి కోపమొచ్చిందనుకునేవాళ్లం. నేను డ్రాయింగు నేర్చుకున్నాక అమ్మ చేతులు చాలాసార్లు వేశాను. నలుపు వచ్చింది, గీతలొచ్చాయి, ఆ చేదు మాత్రం పెన్సిలుకి ఎక్కలేదు.

రిటైర్డ్ ఉద్యోగి, కోవూరు: కూలీల బొమ్మలు వేసి ఫోర్డు, రాక్‌ఫెల్లర్ లాంటి అమెరికా కోటీశ్వరుల దగ్గర డబ్బులు తీసుకున్నవాణ్ణి మీరు నెత్తికెక్కించుకుంటున్నారు. మా ఊళ్లో ఇలాంటివాణ్ణి ఏమంటామో తెలుసా?

తెలుసండీ, మా ఊళ్లోనూ అదే అంటాం.

మీరన్నది నిజం. 1932 ఏప్రిల్‌లో డెట్రాయిట్ వెళ్లి, ఎడ్సెల్ ఫోర్డు ఇచ్చిన డబ్బుతో అక్కడి మ్యూజియం గోడల మీద కార్ల ఫ్యాక్టరీ పని 27 భాగాలుగా వేశాడు. మరుసటి ఏడు మార్చికల్లా పూర్తయింది. ఆయన అక్కడ దిగడానికి ఒక నెల ముందే, మార్చి 7న, అదే ఫ్యాక్టరీకి ఊరేగింపుగా వెళ్లిన పనిలేని కార్మికుల మీద కాల్పులు జరిగి నలుగురు పోయారు, గాయపడ్డ ఇంకొకడు తర్వాత పోయాడు. ఆ గోడ మీద ఆ కాల్పులు లేవు. ఇంజను బ్లాకులున్నాయి, కొలిమి ఉంది, కన్వేయరు మీదికి వంగిన నడుములున్నాయి. నాకు అది లోటుగానే అనిపిస్తుంది. ఆ నడుముల వరస చూసినప్పుడల్లా మరిచిపోతాను, తర్వాత మళ్లీ గుర్తొస్తుంది.

రాక్‌ఫెల్లర్ కథ వేరు. 1933లో న్యూయార్క్‌లో వాళ్ల కొత్త భవనంలో గోడ బొమ్మ వేస్తూ మధ్యలో లెనిన్ మొహం పెట్టాడు. తియ్యమన్నారు. తియ్యనన్నాడు, కావాలంటే ఇంకో పక్క లింకన్‌ని పెడతానన్నాడు. 21,000 డాలర్లు పూర్తిగా చేతిలో పెట్టి పరంజా దింపేశారు. 1934 ఫిబ్రవరిలో ఆ గోడని పగలగొట్టారు. ఆయన అదే ఏడు మెక్సికో సిటీలో ఇంకో గోడ మీద దాన్ని మళ్లీ వేశాడు. ఇటు కమ్యూనిస్టు పార్టీ ఆయన్ని 1929లోనే బయటికి పంపింది, 1954లో గానీ మళ్లీ చేర్చుకోలేదు. డబ్బున్నవాడికీ కానివాడై, పార్టీకీ కానివాడైన మనిషి. ఇంట్లో భార్యకి చేసింది ఇంకా పెద్ద పద్దు, దాని జోలికి ఇవాళ పోను. మనిషికి మార్కులు వెయ్యమంటే మీరే వెయ్యండి, నేను బొమ్మకి వేస్తాను. సున్నపుమేస్త్రీని, ఇల్లు కట్టించేవాడెవడని అడగం కదండీ.

హారిక (పేరు రాయొద్దన్న డిగ్రీ విద్యార్థిని), ఒంగోలు: టీషర్టుల మీద, హ్యాండ్‌బ్యాగుల మీద ఎక్కడ చూసినా ఫ్రీడా కాలో మొహమే. ఆమె వేసినవన్నీ తన బొమ్మలేనా?

పేరు రాయొద్దంటూనే కింద సంతకం పెట్టావు తల్లీ. అందుకే పక్కింటి పిల్ల పేరు పెట్టాను.

ఫ్రీడా రివేరా భార్య. 1929లో పెళ్లి, 1939లో విడాకులు, 1940లో మళ్లీ అతన్నే. తన మొహమే ఎక్కువ వేసుకుంది నిజమే. కానీ 1929లో 'బస్సు' అని చిన్న బొమ్మ ఒకటి వేసింది. జానెడు ఎత్తు కంటే కాస్త ఎక్కువ, రెండు జానల పొడుగుకి పైన. బస్సులో పక్కన ఉండే చెక్క బల్ల మీద మనుషులు వరసగా కూర్చుని మనవైపు తిరిగి ఉన్నారు. బజారు బుట్ట పట్టుకున్న ఇల్లాలు. నీలం ఓవరాల్ వేసుకుని చేతిలో స్పానరు పట్టుకున్న పనివాడు. చెప్పుల్లేని కాళ్లతో, శాలువా కప్పుకుని బిడ్డకి పాలిస్తున్న తల్లి. ఆ పక్కన కిటికీలోంచి బయటికి చూస్తున్న పిల్లాడు. డబ్బుసంచి పట్టుకున్న నీలికళ్ల దొర. ఆ చివర ఒక పడుచుపిల్ల, అది ఫ్రీడానే అంటారు. కిటికీలోంచి ఒక కొట్టు కనపడుతుంది, దాని పేరు లా రీసా, అంటే నవ్వు.

ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఎవరి మోకాలు ఎవరికి తగిలిందో కూడా పట్టదు. నువ్వు ఒంగోలు నుంచి కొండపి పల్లెవెలుగు ఎక్కితే ఆ ఆరుగురూ ఉంటారు, దొర తప్ప. దొర కారులో పోతున్నాడు ఇప్పుడు. రివేరా అయితే పనివాణ్ణి నడిమధ్యన పెట్టి పెద్దగా వేసేవాడు. ఫ్రీడా అందరికీ ఒకే బల్ల, ఒకే టిక్కెట్టు అన్నట్టు వేసింది.

ఇంకొకటి తెలిస్తే ఆ బొమ్మ మారిపోతుంది. 1925 సెప్టెంబరు 17న, పద్దెనిమిదేళ్లప్పుడు, ఫ్రీడా ఎక్కిన బస్సుని ట్రాము గుద్దింది. ఇనప కడ్డీ ఒంట్లోంచి దూసుకుపోయింది. 1954లో పోయేదాకా ఆ నొప్పి ఆమెని వదల్లేదు. ఇది తెలిసి చూస్తే, అంత నెమ్మదిగా కూర్చున్న ఆ మనుషుల్ని చూసినా టెన్షనే.

సిహెచ్. ఆర్., చీమకుర్తి (ఇంటర్ రెండో ఏడు): గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల బొమ్మలు ఫోన్లో ఫోటో తీసుకుని వేస్తున్నాను. మూడు పంపుతున్నాను. ఇన్‌స్టాలో ఎవరూ లైక్ కొట్టటం లేదు. ఎక్కడ తప్పుతోంది?

మూడూ చూశాను బాబూ. చెయ్యి బావుంది, గీత బావుంది. నీ వయసులో నాకు అంత చెయ్యి లేదు. లైకుల సంగతి నాకు తెలియదు, నాకొచ్చిన లైకు ఒకటే, హెడ్మాస్టరుగారి భుజం తట్టుడు, అదెంత తప్పో పైన రాశాను.

రెండో బొమ్మలో ఇద్దరు మనుషులు పలకరాయిని పక్కకి తిప్పుతున్నారు. నల్లరాయిలో బంగారు చుక్కలన్నీ ఓపిగ్గా వేశావు, గెలాక్సీ రాయి అని చూడగానే తెలిసింది. కానీ ఆ మనుషుల పాదాలు కాగితం చివర కోసేశావు. రాయి బరువు మోసేది అవే. కింద నేలంతా కోత నీళ్లూ రాతి బురదా ఉంటుంది కదా, జారకుండా బొటనవేలు ఎలా నొక్కిపడతారో అది ఫోటోలో పడలేదు. ఫోన్ ఎత్తగానే మనిషి నిన్ను చూసి సర్దుకుంటాడు. సర్దుకున్న మనిషినే నువ్వు వేశావు. డెట్రాయిట్‌లో రివేరా బ్రష్షు పట్టకముందు ఫ్యాక్టరీ అంతా తిరిగి స్కెచ్‌లు వేసుకున్నాడు. నువ్వూ ఒక వారం ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లు. ఓనరుని ముందే అడుగు, మిషన్ దగ్గర గీతకి ఇవతలే కూర్చో. చిన్న నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు చాలు. ఒక్కో బొమ్మకి రెండు నిమిషాలకి మించి వద్దు. మొదటి రెండు రోజులు వాళ్లు నీకోసం నిలబడతారు. మూడో రోజు నిన్ను మరిచిపోతారు, అప్పుడు వెయ్యి.

మూడో బొమ్మలో ఆయన కళ్లలో నీళ్లు పెట్టావు. ఆయన నిజంగా ఏడ్చాడా? లేకపోతే తీసెయ్యి.

వేసినవి అన్నం టైములో వాళ్లకే చూపించు. తప్పుంటే వాళ్లే చెప్తారు, కొందరు నవ్వుతారు కూడా. ఏమన్నారో బొమ్మ వెనక వాళ్ల మాటల్లోనే రాసి నాకు పంపు. ఈసారి కవరు మీద స్టాంపులు సరిగ్గా అతికించు బాబూ, పోయినసారి నేను ఇక్కడ ఫైను కట్టి విడిపించుకున్నాను.